గుర్తుపడితే... గుర్తున్నట్టేనా?

‘నాన్నగారి జ్ఞాపకశక్తికేం ఢోకా లేదు డాక్టర్ గారూ! ఎప్పుడో చూసిన చుట్టాల్ని కూడా ఇట్టే గుర్తుపడతారు’... ఓపీలో తరచూ వినే మాట ఇది. ఒకసారి ఇలాగే చెప్పిన కుటుంబం ఆ పెద్దాయన్ని తీసుకొచ్చింది మాత్రం ఒళ్లంతా చెమటలతో, షుగర్ బాగా పడిపోయిన స్థితిలో. పొద్దున వేసుకున్న షుగర్ మాత్రనే కాసేపయ్యాక మళ్లీ వేసుకున్నారు. మనుషుల్ని గుర్తుపట్టే మనిషికి మాత్ర సంగతి ఎందుకు గుర్తులేదు?

మనం గుర్తుపట్టేది రెండు రకాలుగా. బస్సులో ఒకాయన కనిపిస్తే ‘ఎక్కడో చూసినట్టుందే’ అనిపిస్తుంది. అది పరిచయ భావన. కాసేపటికి ‘అరె, మనం మాంసం కొనే కొట్టాయన కదూ’ అని చోటుతో సహా తడుతుంది. అది జ్ఞప్తికి రావడం. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మాండ్లర్ 1980లో చెప్పిన ఉదాహరణ ఇది. జ్ఞప్తికి తెచ్చుకోవడంలో మెదడులోని హిప్పోక్యాంపస్‌ది ప్రధాన పాత్ర. వయసు పైబడేకొద్దీ ఎక్కువగా తగ్గేది ఈ శక్తే. పరిచయ భావన అంతగా తగ్గదు. అందుకే ముఖాలు గుర్తుంటాయి, ఉదయం జరిగింది గుర్తుండదు.

మాత్ర విషయంలో జరిగేదీ ఇదే. రోజూ చేసే పనికి నిన్నకూ ఇవాళ్టికీ తేడా ఉండదు. ‘వేసుకున్నట్టే ఉంది’ అన్న భావన ఏ రోజుదో చెప్పలేదు. దాన్ని నమ్ముకుంటే ఒకరోజు మాత్ర మానేస్తారు, ఇంకోరోజు రెండుసార్లు వేసుకుంటారు.

కాబట్టి ‘నేనెవరో చెప్పు తాతయ్యా’ అన్నది సరైన పరీక్ష కాదు. నిన్న ఇంటికి ఎవరొచ్చారు, ఏం మాట్లాడుకున్నారు అన్నది మాటల మధ్యలో కదిపి చూడండి. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా, వంట, డబ్బు లెక్కల వంటి అలవాటైన పనుల్లో తడబడుతున్నా డాక్టరుకు చూపించండి. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రలు కూడా కారణం కావచ్చు. వీటిని సరిదిద్దుకునే వీలుంది. ‘పెద్దవయసు కదా’ అని వదిలేస్తే ఆ అవకాశం చేజారుతుంది.

ఈలోగా వారాలు రాసిన మాత్రల డబ్బా ఒకటి కొనండి. ఇవాళ్టి గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, ఇక అనుమానం అక్కర్లేదు. మరో మాట... ‘ఇందాకే చెప్పానుగా’ అని విసుక్కోకండి. మీరు చెప్పింది వాళ్లు పట్టించుకోక కాదు, అది వాళ్ల జ్ఞాపకంలో నిలవకపోవడం వల్ల అడుగుతున్నారు.