విచారణ లేని బహిష్కరణ చెల్లదు

అమెరికా రాజ్యాంగ అయిదో సవరణ న్యాయ ప్రక్రియ హామీని పౌరులకే పరిమితం చేయలేదు. ‘ఏ వ్యక్తికైనా’ అంది. వలసదారులకు ఆ మాటే కవచం. 1798 నాటి శత్రుదేశీయుల చట్టం కింద వెనెజువెలా జాతీయులను హుటాహుటిన పంపించేయబోయిన ట్రంప్ ప్రభుత్వానికి సుప్రీంకోర్టు 2025లో గుర్తుచేసింది దీన్నే. ముందుగా నోటీసు, కోర్టులో సవాలు చేసే అవకాశం ఇవ్వాలని ఏప్రిల్ 7న చెప్పింది; హక్కుల వివరాలైనా లేని 24 గంటల నోటీసు చాలదని మే 16న తేల్చింది.

అక్రమంగా వచ్చినవారికి హక్కులెక్కడివన్నది కొందరి వాదన. ఎవరు అక్రమమో తేల్చేదే విచారణ. అది లేకుంటే అధికారి అనుమానమే తీర్పవుతుంది. ఎల్ సాల్వడార్‌కు పంపరాదని 2019లోనే ఇమిగ్రేషన్ న్యాయమూర్తి ఆదేశించిన మేరీల్యాండ్ నివాసిని 2025 మార్చిలో అక్కడి జైలుకే తరలించారు. పొరపాటు జరిగిందని ప్రభుత్వమే ఒప్పుకుంది. విచారణలు ఏళ్లతరబడి సాగుతున్నాయన్న ఫిర్యాదు నిజమే. అందుకు విరుగుడు న్యాయమూర్తుల సంఖ్య పెంచడమే తప్ప విచారణను ఎత్తేయడం కాదు. పంపించే అధికారాన్ని ఈ తీర్పుల్లో సుప్రీంకోర్టు కాదనలేదు, పద్ధతి పాటించమంది. వీసాలపై అమెరికాలో ఉన్న తెలుగు విద్యార్థులకు, ఉద్యోగులకు సైతం ఈ రక్షణే ఆధారం. అమెరికా ప్రభుత్వం ఈ తీర్పులను తు.చ. తప్పక అమలు చేయాలి.