ఈ దెబ్బకే చచ్చాడా?

'రూల్స్ లాయర్' అనేది మా టేబుల్ దగ్గర తిట్టు. పోయిన వానాకాలం నుంచి అది నాకు పర్మనెంట్ అయిపోయింది.

మేం అయిదుగురం. మేడ్చల్‌లో ఒక ఫ్రెండ్ ఫ్లాట్‌లో నెలకి రెండు శనివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: ఒకడు డీఎం, అంటే డంజన్ మాస్టర్. కథ చెప్పేదీ వాడే, తీర్పు చెప్పేదీ వాడే. మిగతావాళ్ళం పాత్రలం. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి.

ఈసారి కథ శామీర్‌పేట చెరువు ఒడ్డున ఒక ఊళ్ళో. విలన్ చచ్చి లేచిన మంత్రగాడు. నిజానికి వాడు పుస్తకంలోని 'వైట్' అనే దయ్యమే, లోకల్ వేషంలో. (తెలుపు రంగు కాదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి ఉత్త 'మనిషి', 'ప్రాణి' అని అర్థం.) రెండో సెషన్‌లో ఊళ్ళో ఒక ముసలావిడ జ్వరమొచ్చి చచ్చిపోయింది. మర్నాడు లేచి విలన్ వెనకాల నడిచింది.

"వాడు ఆమెని ముట్టుకోనే లేదు కదా" అన్నాను.

"ఊరంతా వాని నీడల్నే ఉన్నది గద భయ్. వానివల్లనే జ్వరమొచ్చింది అనుకో" అన్నాడు డీఎం.

టేబుల్ మొత్తం "అబ్బా, ఏం రాశావ్ రా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో ఆ రాత్రి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో వైట్ గురించి ఉన్న రూల్ చిన్నదే. వైట్ ప్రాణం పీల్చే ఒక ప్రత్యేకమైన దెబ్బ కొడుతుంది. *ఆ దెబ్బకే* చచ్చిన మనిషి 24 గంటల తర్వాత జాంబీగా లేస్తాడు, వైట్ మాట వింటాడు. ఈలోగా అతన్ని బతికించినా, శవాన్ని నాశనం చేసినా లేవడు. ఒక వైట్ కింద ఒకేసారి పన్నెండు జాంబీలకి మించి ఉండకూడదు. ఇన్ని తాళాలు ఊరికే వేయలేదు. 2003 నాటి 3.5 ఎడిషన్‌లో వైట్ చంపినవాడు కొన్ని సెకన్లలో తనూ వైట్ అయ్యేవాడు. వాడు చంపినవాడూ వైటే. ఒకటి రెండు, రెండు నాలుగు, పదోసారికి 1024. ఒక్క వైట్‌ని ఊళ్ళోకి వదిలితే తెల్లారేసరికి కథ లేదు, ఊరు లేదు, ఎక్కం మాత్రమే ఉంది. అందుకే కొత్త పుస్తకంలో గొలుసు తెంపారు: వైట్ చంపితే లేచేది జాంబీ, ఆ జాంబీ ఇంకో జాంబీని పుట్టించలేదు.

నేను పగలంతా చూసేది ఇలాంటివే. ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని పుట్టిస్తుంది, అది ఇంకోదాన్ని. లిమిట్ పెట్టకపోతే సర్వర్ పడిపోతుంది. (యూనిక్స్‌లో జాంబీ అనే పేరే ఉంది. పని అయిపోయినా తల్లి ప్రాసెస్ వచ్చి పలకరించని పిల్ల ప్రాసెస్. దాన్ని కిల్ చేయలేం, ఆల్రెడీ చచ్చింది కాబట్టి.)

పుస్తకం అన్నీ చెప్పేసిందని అనను. వైట్ చస్తే దాని జాంబీల గతేంటి? 3.5లో సమాధానం ఉంది: యజమాని చచ్చేదాకే ఆ బానిసత్వం. 2014లో ఆ మాట లేదు. అక్కడ డీఎం తేల్చాల్సిందే, తేల్చనీ. అదే పుస్తకంలో 'షాడో' సంగతి ఇంకా తమాషా. అది చంపిన మనిషి, చెడ్డవాడు కాకపోతే, కొన్ని గంటల్లో కొత్త షాడోగా లేస్తాడు. కానీ ఎవరి అదుపులో ఉంటాడో రాయలేదు. వైట్ దగ్గర రాసినవాళ్ళు షాడో దగ్గర రాయలేదంటే దానికీ ఒక అర్థం ఉంది: కొత్త నీడకి యజమాని లేడు. ఇది నా వాదన. మీరు కాదనొచ్చు. పుస్తకం మౌనంగా ఉన్నచోట వాదించుకోవడం వేరు, నోరు తెరిచి చెప్పినచోట వినబడనట్టు నటించడం వేరు.

నా పద్ధతికీ ఒక చోట ముల్లు గుచ్చుకుంది, ఒప్పుకుంటాను. వ్యాంపైర్ కాటుకి చచ్చినవాణ్ని భూమిలో పాతితేనే మర్నాటి రాత్రి లేస్తాడు. మన ఊళ్ళో పెట్టి ఆడితే? కాల్చేవాళ్ళంతా సేఫ్. పాతిపెట్టే ముస్లింలు, క్రైస్తవులు, లింగాయతులు, ఇంకా ఎన్నో కులాలవాళ్ళు మాత్రం రాక్షసుడి ఖాతాలోకి. ఆ రూల్ రాసినవాళ్ళకిది తట్టి ఉండదు. ఇలాంటప్పుడు రూల్ మార్చాలి. ఆట మొదలుకాకముందే, అందరి ముందూ, కాగితం మీద. మధ్యలో "పాతడం అంటే అంత్యక్రియలని అర్థంలే" అనడం మార్చడం కాదు, బుకాయించడం.

డీఎం దగ్గర ఇంకో వాదన ఉంది, అది నాకు నచ్చుతుంది కూడా. "మన దయ్యాలకి ఇంగ్లీషోడి రూల్ ఎందుకు భయ్?" సరే. మా నానమ్మ చెప్పిన దయ్యాలన్నీ ఒంటరివి. దేని కోరిక దానిది, దేని పగ దానిది. ఒకరిని పట్టేది, వేపమండలతో దులిపితే పోయేది. పట్టినవాళ్ళని తనలాంటి దయ్యాలుగా మార్చేది కాదు. ఈ అంటువ్యాధి శవాలు 1968లో రొమేరో సినిమా నుంచి బయల్దేరి, 2021లో 'జాంబీ రెడ్డి'తో కర్నూలు దిగాయి. అంటే మా వాడు దిగుమతి సరుకు ఉంచుకుని, దానితోపాటు వచ్చిన తాళం చెవి పారేశాడు.

ఆ కథలో అచ్చంగా మనది ఒకటుంది. జ్వరంతో పోయిన మనిషిని చూసి "వాడివల్లే అనుకో" అనడం. దానికి మన దగ్గర పేర్లున్నాయి: చేతబడి, బాణామతి. 2019 సెప్టెంబరులో ఇదే శామీర్‌పేట పరిసరాల్లో ఒక ఊళ్ళో జబ్బుపడి ఒకావిడ చనిపోయింది. చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక యువకుణ్ని చంపేశారు. అతని శరీరం ఆమె చితి మీదే కాలింది. పేపర్లలో చదివాను. ఔటర్ మీద శామీర్‌పేట ఎగ్జిట్ బోర్డు కనిపించినప్పుడల్లా గుర్తొస్తుంది. అక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటే: ముట్టుకున్నాడా? ఈ దెబ్బకే చచ్చిందా?

మా డీఎం హంతకుడని అనట్లేదు. వాడు నాకన్నా మంచోడు, పైగా బిర్యానీ డబ్బులు ఎప్పుడూ వాడే ఇస్తాడు. కానీ ఆ 'అనుకో' అదే 'అనుకో'. ఆ నేల మీద, ఆ పేరు పెట్టుకున్న ఊళ్ళో, మంత్రగాణ్ని విలన్‌గా నిలబెట్టి, సాక్ష్యం అక్కర్లేదని రూల్ మార్చి, దాన్ని ఊహాశక్తి అంటే నేను చప్పట్లు కొట్టను.

ఇదంతా మొన్న శనివారం చెప్పాను, ఇంకొంచెం గొంతు పెంచి. వాడు చాలాసేపు ఫోన్ చూసుకున్నాడు. తర్వాత నోట్‌బుక్ తీసి రెండు లైన్లు రాశాడు: కాల్చినా పాతినా ఒకటే. ముట్టుకుంటేనే లెక్క. ముసలావిడ లేవలేదని కథ వెనక్కి తిప్పాం. ఆవిడది ఉత్త జ్వరమే. నా పాత్ర దగ్గర మిగిలిన వెండి నాణేలు కట్టెలకి ఇచ్చింది, మిగతా ముగ్గురూ శ్మశానం దాకా నడిచారు. ఆ రాత్రి ఎవరూ పాచిక వేయలేదు.

షాడో పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు.