కోల్‌కతా అడినోవైరస్: ‘అవగాహన పెంచాలి’ అని రాసి ఆపేయకండి

2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోల్‌కతాలో అడినోవైరస్ విజృంభించింది. బీసీ రాయ్ పిల్లల ఆసుపత్రి కిక్కిరిసిపోయింది. 19 మంది చనిపోయారని, వారిలో 13 మందికి ఇతర జబ్బులూ ఉన్నాయని మార్చిలో ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. ఆ లెక్క మీద వివాదం నడిచింది. నడవక ఏం చేస్తుంది? పరీక్ష జరగని మరణం ఏ లెక్కలోకీ రాదు.

దీనిపై మెయిన్స్‌లో ప్రశ్న వస్తే మీరేం రాస్తారు? ‘అవగాహన పెంచాలి, ఆసుపత్రులను బలోపేతం చేయాలి.’ తప్పేం లేదు. కానీ అన్ని రోగాలకూ సరిపోయే జవాబు ఏ రోగానికీ జవాబు కాదు.

అసలు ప్రశ్న ఇది: దగ్గు, జ్వరంతో వచ్చిన బిడ్డకు సోకింది అడినోవైరసా, ఇన్‌ఫ్లూయెంజానా? ఇన్‌ఫ్లూయెంజాకు ఒసెల్టామివిర్ ఉంది. అడినోవైరస్ మీద అది పనిచేయదు. తేడా త్వరగా తేల్చే సాధనాల్లో ఒకటి ప్రయోగశాలలో తయారుచేసిన యాంటీబాడీ. వైరస్ పైపెంకులోని హెక్సాన్ ప్రొటీన్‌ను అది పట్టుకుంటుంది. హెక్సాన్‌లో కొంత భాగం అన్ని మానవ అడినోవైరస్ రకాల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకే యాంటీబాడీ చాలా రకాలను గుర్తిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 2020 మేలో పుణె ఎన్‌ఐవీ రూపొందించిన ‘కవచ్’ ఎలైజా కిట్ మన రక్తంలోని యాంటీబాడీని వెతుకుతుంది. ఇక్కడ యాంటీబాడీయే వల, వైరస్ చేప. ప్రిలిమ్స్‌లో ఈ తేడా మీద ప్రశ్న పడితే ఆలోచించాల్సిన పని ఉండకూడదు.

‘పీసీఆర్ ఉండగా ఇదెందుకు?’ అంటారా? పీసీఆర్ మరింత కచ్చితమైనదే. యాంటీబాడీ స్ట్రిప్ నెగెటివ్ చూపిస్తే పూర్తిగా నమ్మలేం కూడా. కానీ పీసీఆర్‌కు యంత్రం, ల్యాబ్, శిక్షణ పొందిన మనిషి కావాలి. జిల్లా ఆసుపత్రికి నిమిషాల్లో తేలే పరీక్ష కావాలి. ఏ రకం వైరస్ అన్నది జన్యు విశ్లేషణే చెప్పాలి. కోల్‌కతాలోని ఐసీఎంఆర్-నైసెడ్ ఆ పని చేసి, 7, 3 రకాలు కలిసిన వైరస్‌ను గుర్తించింది. మూడూ అవసరమే, ఒకటి రెండోదానికి ప్రత్యామ్నాయం కాదు.

మనకు తెలివి లేక కాదు. మోనోక్లోనల్ యాంటీబాడీ పద్ధతి 1975 నాటిది. కవచ్‌ను ప్రభుత్వ సంస్థ రూపొందించింది, జైడస్ కాడిలా తయారుచేసింది. కోవిడ్‌కు కొనేవాడున్నాడు కాబట్టి దారి దొరికింది. ఏ ఏడాది వస్తుందో తెలియని పిల్లల వైరస్‌కు మార్కెట్ ఉండదు. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న లేబుల్‌తో ఉన్న యాంటీబాడీని రోగి మీద వాడలేం. వైద్య పరికరాల నియమాలు, 2017 కింద లైసెన్సు పొందిన కిట్ కావాలి. ఆ దూరం దాటించాల్సింది ప్రభుత్వమే: ముందుగా కొనుగోలు హామీ ఇచ్చి, కిట్ల పనితీరును ప్రభుత్వ ల్యాబుల్లో తేల్చి, కొంత నిల్వ పెట్టి.

మీ జవాబులో ‘ముందున్న మార్గం’ కింద రాయాల్సింది ఈ మూడు పనులే. రేపు మీరు కలెక్టరైతే, మీ జిల్లా ఆసుపత్రి ముందు నిలబడ్డ తల్లి అడిగేది అవగాహన గురించి కాదు. ‘నా బిడ్డకు ఏమైంది?’ అని.