ఉలి ఆగిన చోట

‘‘ఈ మొండి రాయి చూడ్డానికా ఇంతదూరం వచ్చింది?’’ అన్నాడు బావ. 2013లో మాట. ఆయన్ని అని లాభం లేదు. వారానికి దొరికేదే ఒక సెలవు, పైన ముసురు, కారులో ఏడుస్తున్న రెండేళ్ల పాప!

డబ్లిన్‌లో అక్కావాళ్లింటికి నేను వెళ్లడం అదే మొదటిసారి. అంతకు రెండ్రోజుల ముందు ట్రినిటీ కాలేజీలో ‘బుక్ ఆఫ్ కెల్స్’ చూశాను. దూడతోలు మీద రంగురంగుల బొమ్మలతో రాసిన నాలుగు సువార్తల గ్రంథం, వయసు దాదాపు 1200 ఏళ్లు. టికెట్టు, క్యూ, అద్దాల పెట్టె, మసక వెలుతురు... రాణిగారి దర్శనమే. ఇంతకీ ఆ కెల్స్ ఎలా ఉంటుందో చూద్దామని బావ ప్రాణం తీసి బయల్దేరదీశాను.

డబ్లిన్‌కి 65 కిలోమీటర్ల దూరంలో చిన్న ఊరది. 9వ శతాబ్దం మొదట్లో స్కాట్లాండ్ దగ్గరి అయోనా దీవిని వైకింగులు దోచుకుంటుంటే, అక్కడి సన్యాసులు వచ్చి కెల్స్‌లో మఠం కట్టుకున్నారు. ఇక్కడైనా సుఖపడ్డారా అంటే అదీ లేదు. 1007లో దొంగలు ఆ గ్రంథాన్నే ఎత్తుకుపోయారు. రెండు నెలలు దాటాక మట్టిపెళ్లల కింద దొరికింది, బంగారు తొడుగు మాత్రం లేదు. 17వ శతాబ్దంలో పుస్తకాన్ని డబ్లిన్ చేర్చారు. రాళ్లు ఎక్కడికెళ్తాయి? అక్కడే ఉన్నాయి.

చర్చి ఆవరణలో పాత సమాధులు, టోపీ ఊడిన గుండ్రటి రాతి బురుజు, దాని చుట్టుపక్కల రాతి సిలువలు. నిలువు, అడ్డం కలిసేచోట చక్రంలాంటి వలయం ఉంటుంది. అదే ఐర్లాండ్ సిలువల గుర్తు. ఇవి ఎవరి సమాధి రాళ్లూ కావు. మఠంలో ప్రార్థనకూ, బొమ్మలు చూపించి బైబిల్ కథలు చెప్పడానికీ నిలబెట్టినవి. ఒకదాని మీద ‘ఇది పాట్రిక్, కొలంబాల సిలువ’ అని లాటిన్‌లో చెక్కి ఉంది. ఇంకోదాని పైభాగం విరిగిపోయింది. మిగిలిన కాండం మీద నోవహు ఓడ కనిపిస్తుంది. మూడోది... బావ మొండి రాయి అన్నది దాన్నే. ఒకపక్క సిలువ మీది క్రీస్తు బొమ్మ తప్పితే, మిగతాదంతా చెక్కని దిమ్మలే. నేనూ దానికి ఒక్క ఫొటో కూడా తియ్యలేదు.

2017లో నాన్నను తీసుకెళ్లాం. నాన్న వడ్రంగి. చుట్టుపక్కల ఊళ్ల గుళ్లకు తలుపులు చేసేవాడు. బాగున్న సిలువను ఒక నిమిషం చూసి, నేరుగా వెళ్లి మొండిదాని ముందు నిలబడ్డాడు. పావుగంట కదల్లేదు. నాకు విసుగొచ్చింది.

‘‘ఇలా రా తల్లీ. ఆ ఉబ్బెత్తుగా ఉన్నవి చూశావా? బొమ్మ వచ్చేచోట రాయి ఉంచి, చుట్టూ తీసేశారు. అంచులు కట్టేశారు, గళ్లు విడగొట్టేశారు. ఇక బొమ్మలే తరువాయి. నేను తలుపు మీద పద్మం లేపడమూ ఇంతే’’ అన్నాడు. పూర్తయిన సిలువలో కథ కనిపిస్తుంది కానీ పని కనిపించదు. ఇందులో కనిపించేదంతా పనే. పురావస్తువుల పుస్తకాలు నాలుగు పేజీల్లో చెప్పేది నాన్న నాలుగు మాటల్లో తేల్చేశాడు.

‘‘మరెందుకు ఆపేశారంటావ్?’’ అన్నాను. ‘‘ఏముంది, చేసేవాడికి ఏదో అయ్యుంటుంది’’ అన్నాడు.

ఊళ్లో మరో సిలువ ఉంది. అది నడివీధి కూడలిలో ఉండేది. 1688లో దాన్ని తిరిగి నిలబెట్టారు. 1798 తిరుగుబాటుదారుల్ని దానికే ఉరితీశారంటారు. ఇన్నీ తట్టుకున్న ఆ రాయిని 1996లో ఒక బస్సు గుద్దింది! తర్వాత పాత కోర్టు భవనం ముందుకు మార్చి, పైకప్పు వేశారు. క్లాన్‌మక్‌నాయిస్‌లో అయితే అసలు సిలువల్ని భవనం లోపల పెట్టి, బయట నకళ్లు నిలబెట్టారు. ఇసుకరాయి వానకు అరుగుతుంది మరి. పైకప్పు చూసి నాన్న ‘‘మంచి పనే’’ అన్నాడు. కాస్త ఆగి, ‘‘కూడలి మాత్రం బోసిపోయుంటుంది’’ అన్నాడు.

నాన్న 2021లో పోయాడు. మా షెడ్డులో ఒక తలుపు మిగిలింది. ఎనిమిది పద్మాలు రావాలి. మూడే పూర్తయ్యాయి. మిగతా ఐదూ ఉబ్బెత్తు దిమ్మలుగా ఉన్నాయి. నాన్న దగ్గర పని నేర్చుకున్నతను ‘నేను పూర్తి చేస్తానమ్మా’ అని రెండుసార్లు అడిగాడు. అమ్మ నా వంక చూస్తుంది. నేను మాట మార్చేస్తాను.

2024 మే నెలలో మళ్లీ వెళ్లాను. ఈసారి నన్ను తీసుకెళ్లమని అడగాల్సిన పనిలేకపోయింది, బావే కారు తీశాడు. అప్పుడు కారులో ఏడ్చిన పాపకు పదమూడేళ్లు. నా పాత ఫొటోలు తీసి విరిగిన సిలువతో పోల్చి చూశాను. పదకొండేళ్లలో కంటికి తెలిసేంత అరగలేదు. మచ్చలు మచ్చలుగా రాతినాచు. మొండి సిలువకు పాత ఫొటో లేదు కాబట్టి పోల్చడానికేమీ లేదు.

‘‘పిన్నీ, దీన్ని ఎవరైనా పూర్తి చేయొచ్చుగా?’’ అంది పాప. తాతయ్య చెప్పింది చెప్పాను. దిమ్మలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బావ కూడా వెనక్కి వెళ్లి ఎటు చూస్తే ఏది కనిపిస్తుందో చూస్తున్నాడు. మొండి రాయి అని మాత్రం ఈసారి అనలేదు. చినుకులు మొదలైనా మేం ముగ్గురం కదల్లేదు.

ఆ రాత్రి అమ్మకు ఫొటో పంపి ఫోన్ చేశాను. చాలాసేపు చూసినట్టుంది.

‘‘దానిమీద వాన పడుతోందేమే?’’

‘‘అవునమ్మా, బయటే ఉంటుంది.’’

‘‘మన షెడ్డు రేకులు మార్పించాలి. మొన్న గాలివానకు తలుపు మీద కారింది. నువ్వొచ్చేలోపు అతన్ని పిలవనా?’’

‘‘రేకులు వేసేవాణ్ని పిలువు’’ అన్నాను.