డచ్చి భాషకు తెలుగువారి దారి

ఇంగ్లీషు వచ్చినవారికి డచ్చి భాష సగం వచ్చినట్టేనని, కాబట్టి తెలుగువారు కూడా దానిని ఇంగ్లీషుతో పోల్చుకుంటూ నేర్చుకోవడమే దగ్గరి దారి అని నెదర్లాండ్స్‌కు చదువుకో ఉద్యోగానికో వెళ్లేవారిలోను, వారికి పాఠాలు చెప్పేవారిలోను ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ చేసిన భాషల వర్గీకరణ ఈ అభిప్రాయానికి బలమిచ్చేదిగా కనిపిస్తుంది. అందులో డచ్చి అత్యంత సులభమైన భాషల వరుసలోను, తెలుగు అంతకంటె చాలా ఎక్కువ కాలం పట్టే భాషల వరుసలోను ఉన్నాయి. అయితే ఆ వర్గీకరణ ఇంగ్లీషు మాతృభాషగా గలవారి శ్రమను కొలిచినది. తెలుగులో వాక్యం కట్టడం నేర్చి, ఆ తరువాత బడిలో ఇంగ్లీషు పట్టుబడిన మనిషికి దానిని వర్తింపజేయడం మొదటి అడుగులోనే జరుగుతున్న పొరపాటు.

డచ్చి, ఇంగ్లీషు రెండూ పశ్చిమ జర్మానిక్ శాఖకు చెందిన భాషలే. పుస్తకాన్ని బూక్ అని, నీటిని వాతర్ అని పిలిచే భాషలో పదజాలం సంపాదించుకోవడానికి ఇంగ్లీషు తోడ్పడుతుందన్న మాట నిజం, దానిని కాదనవలసిన పని లేదు. కాని చుట్టరికం పదాల్లో ఉన్నంతగా వాక్యం కట్టుబడిలో లేదు. అభ్యాసకులు నెలల తరబడి తడబడేది ఆ కట్టుబడి దగ్గరే.

ప్రధాన వాక్యంలో, అంటే తనంత తానుగా నిలబడగల వాక్యంలో, డచ్చి క్రియ రెండవ స్థానంలో ఉంటుంది: 'ఇక్ లేస్ ఎన్ బూక్' అంటే నేను పుస్తకం చదువుతున్నాను అని అర్థం. ఇంత వరకు ఇంగ్లీషు వరుసే కనిపించడం వల్ల, రెండింటి నడక ఒకటేనన్న నమ్మకం విద్యార్థిలో స్థిరపడిపోతుంది. ఆ వాక్యమే మరొక వాక్యానికి లోబడి ఉపవాక్యంగా మారినప్పుడు, కారణాన్ని తెలిపే 'ఒమ్‌దత్' అనే మాట ముందు చేరి, 'ఒమ్‌దత్ ఇక్ ఎన్ బూక్ లేస్' అవుతుంది. కర్త, కర్మ, క్రియ అన్న తెలుగు వరుస అక్కడ యథాతథంగా నిలుస్తుంది. ఇంగ్లీషును నమ్ముకున్న విద్యార్థి ఇక్కడ 'లేస్' అనే క్రియను కర్మకు ముందే పలికి తప్పు చేస్తాడు, ఉపాధ్యాయుడు అది 'క్రియను చివరికి తోసే ప్రత్యేక నియమం' అని సర్దిచెబుతాడు.

అసలు తోసేది ఏమీ లేదు. డచ్చి వాక్యానికి మూలమైన క్రమం కర్త, కర్మ, క్రియ అనేదేనని, ప్రధాన వాక్యంలో మాత్రమే క్రియ తన చోటు వదిలి ముందుకు వస్తుందని భాషాశాస్త్రవేత్త యాన్ కోస్తర్ 1975లోనే వాదించాడు. విడివడే క్రియలు, అంటే ముందు చేరే చిన్న మాటతో కలిసి ఒక అర్థాన్నిచ్చే క్రియలు, ఈ వాదానికి గట్టి సాక్ష్యం పలుకుతాయి. ఫోన్ చేయడం అనే అర్థమిచ్చే 'ఒప్‌బెలెన్' ఉపవాక్యంలో చివర చెక్కుచెదరకుండా ఉంటుంది. ప్రధాన వాక్యంలో 'ఇక్ బెల్ యె మోర్ఖెన్ ఒప్' అని చీలినప్పుడు 'బెల్' ముందుకు పోయినా 'ఒప్' చివరనే మిగిలి, క్రియ ఏ చోటు నుంచి కదిలిందో చూపుతుంది. కాలం, ఇచ్ఛ తెలిపే సహాయక్రియలు వచ్చినప్పుడు కూడా ఇంతే: సహాయక్రియ ముందుకు వస్తుంది, అసలు క్రియ చివర ఆగుతుంది. డచ్చి వాక్యంలో కాలాన్ని చెప్పే మాట చోటును చెప్పే మాట కంటె, ఉదాహరణకు 'రేపు' అన్నది 'ఆమ్‌స్టర్‌డామ్‌కు' అన్నదాని కంటె, ముందు రావడం కూడా ఇంగ్లీషు అలవాటుకు ఎదురు, తెలుగు అలవాటుకు సహజం. కాబట్టి తెలుగువాడు కొత్తగా నేర్వవలసింది క్రియను ముందుకు జరపడం ఒక్కటే. ఉపవాక్యాన్ని ప్రారంభించే మాట డచ్చిలో ముందుంటుందని, తెలుగులో 'అందువల్ల', 'అని' వంటి మాటలు క్రియ తరువాత వస్తాయని గుర్తుంచుకోవడం ఆ పనికి అనుబంధం మాత్రమే.

ధ్వనుల విషయంలోను ఇంగ్లీషు మధ్యవర్తిత్వం నష్టమే చేస్తోంది. డచ్చి ప, త, క లు ఇంగ్లీషు పదాదిలో వలె ఒత్తి పలికేవి కావు, తెలుగు అల్పప్రాణాలకు దగ్గరివి. డచ్చి వ కారం తెలుగు వ కారం వలె పై పళ్లు కింది పెదవికి చేరువగా వచ్చి పుట్టేది. ఇంగ్లీషు మాటల్లోని త ధ్వనిని ట గా పలకడం అలవాటైన విద్యార్థి అదే ట ను డచ్చిలోకి మోసుకుపోతాడు, ఇంటి భాషలోని త దానికి ఎంతో దగ్గరగా ఉన్నా. గొంతులో రాపిడితో పుట్టే ఖ వంటి ధ్వని మాత్రం ఏ దారిన వచ్చినా శ్రమ పెట్టేదే. నామవాచకాల ముందు వచ్చే 'ద', 'హెత్' అనే నిర్దేశకాల ఎంపిక కూడా అటువంటిదే. దానికి బట్టీ పట్టడమే శరణ్యం. గౌరవానికి 'యూ', చనువుకు 'యెయ్' అన్న తేడా మాత్రం మీరు, నువ్వు తెలిసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు, ఆ తేడా ఇంగ్లీషులో లేదు.

ఈ చర్చ వలసపోయేవారికి మాత్రమే పరిమితమైనది కాదు, తెలుగు నేల చరిత్రను చదివేవారికీ సంబంధించినది. రంగారెడ్డి జిల్లా మహేశ్వరంలోని శివగంగ ఆలయాన్ని, దాని కోనేటిని స్థానిక సంప్రదాయం అక్కన్న మాదన్నల పేరుతో ముడిపెడుతుంది. 1686లో హత్యకు గురైన ఆ గోల్కొండ మంత్రుల కాలాన్ని దగ్గరగా చూసి రాసినవారిలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి దానియెల్ హావార్త్ ముఖ్యుడు. కోరమాండల్ తీరపు ఉత్థాన పతనాలను గురించిన అతని గ్రంథం 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది. డచ్చివారు 1605లోనే మచిలీపట్నం చేరారు, కనుక గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల రాజ్య చరిత్రకు వారి రాతలు అనివార్యమైన ఆధారం. ఆ కంపెనీ దస్తావేజులు నేడు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో విస్తారంగా ఉన్నాయి. మహేశ్వరంలో పుట్టిన చరిత్ర విద్యార్థి తన ఊరి ఆలయంతో ముడిపడిన ఆ మంత్రులను గురించి ఇంగ్లీషులోకి వచ్చినంత మేరకే తెలుసుకుని ఊరుకోవడం న్యాయం కాదు. ఉపవాక్యాలు ఒకదానిలో ఒకటి దూరి, క్రియ కోసం చివరి దాకా కాచుకోవలసిన పదిహేడవ శతాబ్దపు డచ్చి గద్యం అతనికి అందరానిదీ కాదు.

తెలుగులో డచ్చి పాఠ్యపుస్తకాలు సులభంగా దొరకవు గనుక ఇంగ్లీషే గతి అని చెప్పేవారు పుస్తకం భాషకు, బోధన పద్ధతికి మధ్య ఉన్న తేడాను చెరిపేస్తున్నారు. ఇంగ్లీషు పుస్తకం చేతిలో ఉన్నా ఉపాధ్యాయుడు తెలుగు వాక్యాన్ని పక్కన పెట్టి వివరించవచ్చు, పాఠాల వరుసనూ మార్చవచ్చు. ఇంగ్లీషువారికి గడ్డుగా తోచి వెనకకు నెట్టబడే ఉపవాక్యాన్ని తెలుగు విద్యార్థికి మొదటి వారంలోనే చెప్పి, క్రియను దాని సొంత చోట చూపించిన తరువాత, ప్రధాన వాక్యంలో అది రెండవ స్థానానికి ఎలా కదులుతుందో అప్పుడు నేర్పాలి.