తీర్పు మన చేతిలో ఉన్నప్పుడు

పీటర్ సూబర్ అనే అమెరికా తత్వవేత్త 1982లో 'నోమిక్' అనే ఆటను లోకానికి పరిచయం చేశాడు. నియమాలను మార్చడమే అందులో ఆట. ఒకరు ప్రతిపాదిస్తారు, అందరూ ఓటు వేస్తారు. తగాదా వస్తే ఆటగాళ్లలోనే ఒకరు తీర్పరి. చట్టమూ తీర్పూ తమ చేతిలోనే ఉన్నవారు ఎంతకైనా తెగించవచ్చు. అందుకే తొలి నియమావళిలోనే కంచెలు వేశారు. కొత్త నియమం అంతకుముందు జరిగిన దానికి వర్తించదు. ఆటలో ఓడిపోవడాన్ని మించిన శిక్ష ఎవరికీ వేయరాదు.

మన సంఘాలకు ఇది కొత్తేమీ కాదు. నియమావళి మనమే రాసుకుంటాం, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి సవరించుకుంటాం, కమిటీలో కూర్చుని తీర్పు చెబుతాం. ఒక్కోసారి మనిషిని ముందు ఎంచుకుని, నియమాన్ని తర్వాత వెతుక్కుంటాం.

దానియేలుకు జరిగిందదే. అతనిలో ఏ తప్పూ దొరకక, 30 రోజులపాటు రాజుకు తప్ప మరెవరికీ విన్నపం చేయకూడదని అధికారులు శాసనం పుట్టించారు. శాసనం ముందే వచ్చింది, రాజు సంతకమూ పడింది. పద్ధతిలో లోపం లేదు, లోపమంతా హృదయంలోనే! అతణ్ణి విడిపించాలని దర్యావేషు పొద్దుగూకే దాకా ప్రయాసపడ్డాడు, కానీ తన సంతకానికి తానే బందీ అయ్యాడు.

ధర్మశాస్త్రం దారి వేరు. ఒక్క సాక్షి మాటపై నేరం స్థిరపరచవద్దంటుంది ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం. దెబ్బలు నలభై దాటరాదంటుంది 25వ అధ్యాయం. దాటితే సహోదరుడు మన కళ్లకు నీచుడవుతాడని కారణమూ చెబుతుంది. గమనించారా? శిక్ష పడినవాడు అప్పటికీ సహోదరుడే. మనిషి మాట వినకుండా తీర్పు తీర్చవచ్చా అని నీకొదేము పరిసయ్యుల మధ్యనే అడిగాడు (యోహాను 7:51).

కొరింథు సంఘం ఒకణ్ణి శిక్షించినప్పుడు, ఇక చాలు, క్షమించి ఆదరించండి, లేకుంటే దుఃఖంలో మునిగిపోతాడని పౌలు రాశాడు (2 కొరింథీ 2:6-8). మన మినిట్స్ పుస్తకంలో ప్రభువు బల్లకు దూరం చేసిన తేదీ ఉంటుంది. తిరిగి చేర్చుకునే తేదీ ఉండదు.

ఈసారి కమిటీలో కూర్చున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. తప్పు జరిగిన నాటికి ఆ నియమం ఉందా? అతని మాట విన్నామా? తిరిగి వచ్చే దారి ఉంచామా? ఇద్దరు ముగ్గురు కూడిన చోట తానుంటానని ప్రభువు చెప్పింది, తప్పు చేసిన సహోదరుణ్ణి సరిదిద్దడం గురించి బోధించిన సందర్భంలోనే (మత్తయి 18:15-20). ఆ గదిలో ఆయన కూడా కూర్చుని ఉంటాడు. మన తీర్పు వింటాడు.