సర్వర్ ఏ ఫోల్డరులో వెతుకుతోంది?

బడికి సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ధర అడుగుతాం, పాడైతే ఎవరొస్తారని అడుగుతాం. అది తన సెట్టింగుల కోసం ఏ ఫోల్డరులో వెతుకుతుందని మాత్రం అడగం. మార్కులు, హాజరు, టీసీల వివరాలు ఉన్న సర్వర్ విషయంలో ఇది అడిగి తీరాలని మా అభిప్రాయం.

2019లో బయటపడిన లోపమే ఇందుకు కారణం. నెట్‌లో వెళ్లే సమాచారానికి తాళం వేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను ఎన్నో సర్వర్ ప్రోగ్రాములు తమలో కలుపుకొని వస్తాయి. దాని సెట్టింగుల ఫైలు ఉండే చోటు తయారీలోనే అందులో రాసి ఉంటుంది. యునిక్స్ అలవాటు ప్రకారం అది 'యూఎస్ఆర్'లోని 'లోకల్' ఫోల్డరు. యునిక్స్‌లో అక్కడ చెయ్యి పెట్టాలంటే మామూలుగా నిర్వాహకుడి అనుమతి కావాలి. విండోస్ కోసం చేసిన కొన్ని ప్రతుల్లోనూ అదే చిరునామా మిగిలిపోయింది. విండోస్‌లో ఆ ఫోల్డరు సాధారణంగా ఉండనే ఉండదు. చిక్కంతా అక్కడే. సి డ్రైవులో కొత్త ఫోల్డరు తెరవడానికి మామూలు వాడుకరికీ విండోస్ వీలిస్తుంది. ఎవరైనా ఆ పేరుతో ఒకటి తెరిచి తన ఫైలు పెడితే, సర్వర్ దాన్ని తనదే అనుకొని చదువుతుంది, అది నడపమన్న ప్రోగ్రాము నడుపుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ విండోస్ ఇన్‌స్టాలర్‌లోనూ ఇదే లోపం ఉందని తేలి, అదే ఏడాది ఆగస్టులో సరిచేశారు.

ఓపెన్ఎస్ఎస్ఎల్ వారు దీన్ని తక్కువ తీవ్రత గల లోపంగా లెక్కగట్టారు. ఒక్కరే వాడే యంత్రానికి ఆ లెక్క సరే. కంప్యూటర్లు చాలక సర్వర్ ముందే పిల్లల్ని కూర్చోబెట్టి టైపింగ్ నేర్పే బడికి సరిపోదు. అక్కడ ఇందుకు ఆరితేరిన హ్యాకర్ అక్కర్లేదు, కాస్త కుతూహలమున్న తొమ్మిదో తరగతి కుర్రాడు చాలు. (ఆ కుతూహలాన్ని మేం తప్పుపట్టడం లేదు.)

ఒక యంత్రం అలవాటును ఇంకో యంత్రం మీద రుద్దడం తయారీదారుల సోమరితనమే. ఫోల్డరు ఎక్కడో పెట్టేటప్పుడే అడగాలి, అందులో రాసే అధికారం నిర్వాహకుడికే ఉంచాలి. సాఫ్ట్‌వేర్ అమ్మినవారు "బాగానే నడుస్తోందిగా, ఎందుకు కదపడం?" అనవచ్చు. ఈ లోపం ఉన్నప్పుడూ సర్వర్ బాగానే నడుస్తుంది. అందుకే వచ్చే ఒప్పందంలో ఈ రెండు షరతులూ, కొత్త ప్రతులు ఎప్పటికప్పుడు వేయాలన్న మాటా పాఠశాల కమిటీలు రాయించాలి. ఈలోగా సర్వర్ కంప్యూటరును ల్యాబ్‌లోంచి తీసి హెడ్మాస్టరు గదిలో పెట్టండి.